ఎండబండికి అడ్డం వచ్చిన ముఖాలు

పెద్ద అడవే అది. అందులో ఏ పని మొదలైనా ముందు ఫ్లెక్సీ లేచేది. పని ఆ తరవాత వచ్చేది, ఒక్కోసారి రావడం మరిచిపోయేది. వాగు మీద వంతెన కడతామని నాలుగు ఫ్లెక్సీలు కట్టారు. వంతెన రాలేదు గానీ, ఆ ఫ్లెక్సీల గుంజలు పట్టుకుని కోతులు వాగు దాటడం మొదలుపెట్టాయి. కోతులు దాటుతున్నాయి కనక వంతెన పూర్తయినట్టేనని అడవి సభ తీర్మానించి, అందుకు ఐదో ఫ్లెక్సీ కట్టింది.

సభకు అధ్యక్షుడు దుమ్ములగొండి సుముఖయ్య. పుట్టుకతోనే నోరు నవ్వుతున్నట్టు తెరుచుకుని ఉంటుంది ఆయనకు. పెళ్లికి వెళ్లినా ఆ నవ్వే, చావుకు వెళ్లినా ఆ నవ్వే. ఫ్లెక్సీకి అంతకన్నా పనికొచ్చే ముఖం అడవంతా గాలించినా దొరకదు. అందుకే అధ్యక్షుడయ్యాడని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టినవాళ్లూ అదే అనేవారు, కాకపోతే చప్పట్లు కొడుతూ.

ఆయనకు కోపం వచ్చిందో లేదో నోరు చూసి చెప్పలేం. చెవులు చూడాలి. నిక్కి ఉంటే మంచిరోజు. వెనక్కి వాలితే ఎవరికో మూడినట్టు. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు పునుగుపిల్లి పరిమళరావు. అధ్యక్షుడి చెవులు చదవడమే అతని అసలు ఉద్యోగం. రవాణా అధికారి అన్నది పైకి చెప్పుకునే ఉద్యోగం.

అది కూడా పక్కా ఉద్యోగం కాదు. పరిమళరావు ఇన్‌చార్జి అధికారి. ఎన్నో వేసవుల నుంచి ఇన్‌చార్జే. పక్కా అయితే చెట్ల నీడనున్న చల్లటి గుహ క్వార్టరుగా ఇస్తారు. కాకపోతే ఏ పొద్దున్నైనా మూట కట్టుకుని, వచ్చిన ముళ్లదిబ్బకే తిరిగి పోవాలి. అతని భార్య కస్తూరమ్మ అప్పటికే ఆ గుహ ముందు బండ మీద వడియాలు ఎండబెట్టుకుంటోంది.

"ఇంకా మనకివ్వలేదే!" అంటే, "ఇస్తారుగా. వడియాలకు ఆర్డరు కావాలా ఏంటండీ?" అనేది.

గుహ సంగతి ఎండబండి మీద ఆధారపడి ఉంది. ఎండబండి సంగతి కొండ మీద ఆధారపడి ఉంది.

కొండకు ఇవతల పల్లపు నేల. కుందేళ్లు, తాబేళ్లు, కౌజులు, ఉడుతలు ఇక్కడే కాపురం. నీళ్లున్న మడుగు కొండకు అవతల. ఎండాకాలం వస్తే పల్లంలో చుక్క మిగలదు. చిన్న ప్రాణులు కొండెక్కి దిగేలోపు నాలుకలు పిడచకట్టుకుపోతాయి. అందుకని రెండు అడవిదున్నలు, కొమ్మన్నా అతని తమ్ముడూ, వాటిని వీపుల మీద ఎక్కించుకుని మడుగు దగ్గర దింపి, మళ్లీ తీసుకొచ్చేవి. బదులుగా సభ వాళ్ల బీడులో గడ్డి మేసేవి. అందరికీ బాగానే ఉండేది. అందరికీ బాగున్న దాంట్లో ఫ్లెక్సీకి చోటు ఉండదు. కనక సభకు నచ్చలేదు.

"ఈ కాలంలో దున్నల మీద ప్రయాణమేంటి? పక్క అడవి వాళ్లు నవ్వరూ?" అన్నాడు సుముఖయ్య, నవ్వుముఖంతో. "ఎండతో నడిచే బండి తేవాలి. తోలేవాడు ఉండకూడదు. మీట నొక్కితే తనంతట తాను కొండెక్కాలి, తనంతట తాను దిగాలి. పరిమళం, బండి ఎక్కిందా, గుహ నీది. ఎక్కలేదా, ముళ్లదిబ్బ నీది."

చెవులు నిక్కే ఉన్నాయి. పరిమళరావు తోక ముడుచుకుని దణ్ణం పెట్టాడు.

న్యాయంగా చెప్పుకోవాలంటే, పని బాగానే జరిగింది. ఉపాధ్యక్షుడు అడవిపంది భూషణం కంట్రాక్టు తీసుకుని కొండ పొడుగునా పట్టాలు వేయించాడు. నేల తవ్వడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. కరెంటు సంగతి చూడ్డానికి కొండముచ్చు లింగమూర్తిని పిలిచారు. అతను పట్నంలో కరెంటు ఆఫీసు మేడ మీద మూడు వేసవులు ఉండి వచ్చాడు కనక అడవిలో ఇంజనీరు. ఆ మేడ మీద సోలార్ పలకలుండేవి. వాటి మీద లింగమూర్తి పడుకుంటే కింద ఆఫీసులో ఫ్యాన్లు ఆగిపోయేవి. లేస్తే తిరిగేవి. పడుకుని, లేచి, మళ్లీ పడుకుని అతను నేర్చుకున్న చదువు మొత్తం ఇదే. కానీ ఆ ఒక్క ముక్క మాత్రం బాగా ఒంటబట్టింది.

కొండ కింద, చెట్లు లేని ఎర్రనేల మీద, పట్టాల మొదట్లోనే పన్నెండు పలకలు వాలుగా నిలబెట్టారు. అక్కణ్నుంచి తీగ, తీగ నుంచి బండిలో మోటారుకు కరెంటు. మొదటి పరీక్ష రోజున పరిమళరావు పంజాతో మీట నొక్కాడు. బండి ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి, చకచకా కొండెక్కేసింది. అవతలి పక్క మడుగు దాకా పోయి, అంతే చక్కగా తిరిగొచ్చింది.

పరిమళరావుకు కళ్లనీళ్లు వచ్చాయి. బండి కోసం కాదు, గుహ కోసం.

చూడవచ్చిన వాళ్లలో దూదమ్మ అనే ముసలి కుందేలు ముందుకొచ్చింది. పల్లంలో నోరున్న మనిషని ఆమెకు పేరు.

"నాయనా, ఎలాగూ పోతోందిగా, నన్నూ ఎక్కించుకో. గొంతు తడుపుకుని వస్తాను."

"ప్రారంభోత్సవం కాకుండా ఎక్కకూడదమ్మా."

"మా దాహానికి ప్రారంభోత్సవం ఎప్పుడో అయిపోయింది కదా నాయనా!"

"పద పద, పట్టాల మీంచి పక్కకు జరుగు," అన్నాడు పరిమళరావు.

మర్నాడు నెమలి శేఖరం దిగబడ్డాడు. అడవిలో ఏ సభకైనా ప్రచారం, అలంకారం అతనివే. గద్దల చేత పట్నం నుంచి ఫ్లెక్సీలు తెప్పించడం, తుమ్మజిగురుతో అంటించడం అతని వ్యాపారం. పలకల ముందు నిలబడి, పింఛం సగం విప్పి, మెడ అటూ ఇటూ తిప్పాడు.

"పరిమళరావుగారూ, ఇంత మంచి చోటు ఖాళీగా వదిలేశారేంటండీ?"

"ఖాళీ కాదండీ. అవి సోలార్ పలకలు."

"తెలుసులెండి. ఖాళీ సోలార్ పలకలు. దారికి ఎదురుగా, కాస్త వాలుగా, నున్నగా... అబ్బ! ఫ్లెక్సీ కోసమే పుట్టినట్టున్నాయి. అధ్యక్షులవారి ముఖం ఇక్కడ లేకపోతే ఇంకెక్కడుంటుంది?"

"వాటి మీద ఎండ పడాలి కదండీ!"

"పడనివ్వండి. ఆయన ముఖం మీద ఎండ పడితే ఆయనేం అనుకోరు. ఫొటోయేగా!"

పరిమళరావు లింగమూర్తిని పక్కకు లాగాడు. "ఒక పలక కప్పితే ఏమవుతుంది?"

"పదకొండు మిగులుతాయి సార్."

"అది నాకూ తెలుసు. బండి నడుస్తుందా?"

లింగమూర్తి తోక గోక్కున్నాడు. "పన్నెండుంటే పరిగెడుతుంది. పదికి తగ్గితే నడుస్తుంది. ఏడు ఉంటే నత్తలాగైనా కొండెక్కుతుంది. ఆరుకు దిగితే మాత్రం కదలదు. ఆరున్నర అని ఒకటి లేదు సార్."

పరిమళరావు మనసులో లెక్క తేల్చుకున్నాడు. పన్నెండులో ఏడు పోతే ఐదు. అంటే ఐదు ముఖాలకు చోటుంది. అసలు ఇంతవరకూ ఆ పలకలు కరెంటుకు పనికొస్తాయని మాత్రమే అనుకున్నాడు. ఇప్పుడు ముఖాలకూ పనికొస్తున్నాయి. ఒక ఖర్చుకు రెండు లాభాలు.

అధ్యక్షుడి ఫ్లెక్సీ వచ్చింది. విప్పి చూస్తే ఒక పలకకు సరిపోలేదు. నవ్వు మరీ వెడల్పు. ఎడమ చెంప ఒక పలక మీద, కుడి చెంప ఇంకో పలక మీద అంటించారు. మధ్య సందులో రెండు పళ్లు పోయాయి గానీ దూరానికి తెలీదు. పది మిగిలాయి.

ఆ సాయంత్రమే భూషణం బుస్సుమంటూ వచ్చాడు.

"ఏమయ్యా పరిమళం! ఆయన ఒక్కో చెంపకు ఒక్కో పలకా? నాకు చెంపలు లేవా? పట్టాలు వేసింది నేను. నేల తవ్వి తవ్వి మూతి అరిగిపోయింది. ఆ అరిగిన మూతికి ఒక్క పలక దొరకదా?"

"అయ్యో, అంత మాటెందుకు సార్? మీకు కాకపోతే ఇంకెవరికి!"

తొమ్మిది మిగిలాయి.

తరవాత సుముఖయ్యే కబురు పంపాడు. ఆయన తండ్రి, కీర్తిశేషుడు, వేసవుల్లో నీళ్ల కోసం చాలా బాధపడేవాడట. ఆయన జ్ఞాపకార్థం ఒకటి. కాదనడానికి పరిమళరావు ఎవరు? ఎనిమిది. ఇన్ని అంటించిన శేఖరం ఊరికే ఉంటాడా? "శుభాకాంక్షలతో, మీ శేఖరం" అని, పింఛం మొత్తం విప్పుకున్న ఫొటోతో, అడక్కుండానే ఒకటి తనకు అంటించేసుకున్నాడు. ఏడు.

"ఇక చాలండీ," అన్నాడు లింగమూర్తి, చేతులు నలుపుకుంటూ. "ఇంకొక్కటి అంటిస్తే బండి కాస్తా బల్ల అయి కూర్చుంటుంది."

"నాకు తెలీదనుకున్నావా?" అని కసిరాడు పరిమళరావు.

నిజంగానే అక్కడితో ఆపేద్దామనుకున్నాడు. ఇంటికెళ్తే కస్తూరమ్మ కళ్లొత్తుకుంటూ కూర్చుంది.

"చూసొచ్చాను. అందరి ముఖాలూ ఉన్నాయి. పంది ముఖం ఉంది. జిగురు రాసేవాడి ముఖం ఉంది. చచ్చిపోయిన పెద్దాయన ముఖం కూడా కళకళలాడుతోంది. బతికున్న మీ ముఖం లేదు. రేపు జనం బండి తెచ్చింది ఎవరనుకుంటారండీ? చచ్చిపోయినాయన అనుకుంటారు."

"ఏడు పలకలు ఉండాలటే. లింగమూర్తి చెప్పాడు."

"ఏడు అంటే ఏడేనా? దుంపలమ్మే ఎలుగ్గొడ్డు నాలుగు అంటే నేను నాలుగిచ్చి తెస్తున్నానా? మూడుకు తేవడం లేదూ? ఎవరైనా ఒకటి దాచుకునే చెబుతారండీ!"

ఈ మాట పరిమళరావు గుండెల్లోకి నేరుగా దిగింది. ఎందుకంటే అతనూ అంతే. పైవాళ్లు పది గంపల పళ్లున్నాయా అని అడిగితే తొమ్మిదని చెప్పి ఒకటి దాచుకోకుండా అతను ఎన్నడూ లెక్క చెప్పి ఎరగడు. మరి లింగమూర్తి మాత్రం దాచుకోకుండా ఎలా చెబుతాడు? ఏడు అన్నాడంటే ఆరే అయి ఉంటుంది. కొండముచ్చు అయితే మాత్రం, ఇంజనీరు కాదా?

మర్నాడు పొద్దున్నే, లింగమూర్తి రాకముందే, చివరి పలక మీద పరిమళరావు ముఖం వెలిసింది. "ఎండబండి రూపశిల్పి" అని కింద రాయించుకున్నాడు.

ప్రారంభోత్సవం పట్టపగలు పెట్టారు. రాళ్లు కూడా చెమటలు పట్టేంత ఎండ. పల్లం మొత్తం నాలుకలు వేలాడేసుకుని పట్టాల పక్కన నిలబడింది. బండి నిండా పచ్చటి తోరణాలు, వెనకవైపు నేలను తాకే ఆకుల పరదా. సుముఖయ్య రిబ్బను కొరికి, బండి ఎక్కాడు. భూషణం ఎక్కాడు. శేఖరం మైకు పట్టుకుని ఎక్కాడు. పరిమళరావు ఒక మూల ఒదిగి నిలబడ్డాడు. అధ్యక్షుడు మీట నొక్కాడు.

మోటారు మూలిగింది. బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. అంతే.

"ఏం పరిమళం?" అన్నాడు సుముఖయ్య. "బండి ఆలోచనలో పడిందా?"

నోరు నవ్వుతూనే ఉంది. ఎడమ చెవి మాత్రం కొంచెం వాలింది.

కింద నిలబడ్డ లింగమూర్తి పలకలు లెక్కపెట్టి నోరు తెరిచాడు. "సార్, ఆ పలకల మీద మన..."

భూషణం బండిలోంచి కాలు చాపి అతని తోక తొక్కాడు. మిగతా మాట కీచుమని బయటికొచ్చింది.

మన ముఖాలే అడ్డం అని ఆయన ముఖం మీద చెప్పేదెవరు? పరిమళరావుకు ఒక్కసారిగా ముళ్లదిబ్బ కళ్ల ముందు కనబడింది. "సార్," అన్నాడు, "ఎండ చాలడం లేదు సార్."

అందరూ తలలెత్తి పైకి చూశారు. చూసినవాళ్లందరికీ కళ్లు బైర్లు కమ్మాయి.

"చాలకపోతే మా నెత్తిన ఉన్నది కూడా పట్టుకుపోండి నాయనా!" అని అరిచింది దూదమ్మ.

"ఎండ ఉంది సార్, కానీ పస లేదు," అన్నాడు శేఖరం.

"ఈ ఏడాది ఎండలే కల్తీ," అన్నాడు భూషణం. అతనికి కల్తీ సంగతి బాగా తెలుసు.

"అయితే ఎండ మీద ఒక కమిటీ వేద్దాం," అన్నాడు సుముఖయ్య. రెండో చెవి కూడా వాలడం మొదలైంది. "కానీ ఇప్పుడు మాత్రం బండి కదలాలి."

పరిమళరావు బండి దిగి, పరుగున చెట్టు కింద నిలబడ్డ దున్నల దగ్గరికి పోయాడు.

"కొమ్మన్నా, ఒక్క సాయం చెయ్యాలి. ఆ పరదా వెనక దూరి, మీ ఇద్దరూ బండిని తోయాలి. ఎవరికీ కనబడకూడదు."

కొమ్మన్న నెమరు వేయడం ఆపాడు. "తనంతట తాను నడిచే బండి అన్నారుగా అయ్యగారూ?"

"నడుస్తుంది. మీరు తోస్తే నడుస్తుంది."

"మేము తోస్తే ఏదైనా నడుస్తుంది లెండి. ఒక్క మాట చెప్పండి. ఈ బండి వచ్చాక మా పని ఉంటుందా, పోతుందా? మా గడ్డి ఉంటుందా, పోతుందా?"

"నా మాట నమ్ము. మీ పనికి ఏ ఢోకా లేదు. నీ కొమ్ముల మీద ఒట్టు!"

"మీ తల మీద వేసుకోండి అయ్యగారూ. నా కొమ్ములెందుకు?"

పరిమళరావు తన తల మీద కూడా వేసుకున్నాడు. దున్నలు పరదా వెనక దూరాయి. బండి కదిలింది.

జనం ఈలలు వేశారు. బండి ఠీవిగా కొండెక్కుతోంది. పరిమళరావు బండిలోకి దూకి, అధ్యక్షుడి చెవులు చూశాడు. రెండూ నిటారుగా లేచి ఉన్నాయి. గుహలోంచి వచ్చే చల్లగాలి అప్పుడే ఒంటికి తగిలినట్టయింది అతనికి.

సగం కొండ ఎక్కేసరికి సుముఖయ్యకు మాట్లాడాలని బుద్ధి పుట్టింది. మైకు అందుకున్నాడు.

"ప్రియమైన జంతువులారా! చూశారా ఎండ మహిమ! లాగేవాడు లేడు, తోసేవాడు లేడు! ఇన్నాళ్లూ ఆ దున్నలను మేపి మేపి మన బీడు బోడిగుండు అయింది. ఇక వాటితో మనకు పని లేదు. ఈ క్షణం నుంచే ఆ రెండు దున్నలనూ పనిలోంచి తీసేస్తున్నాను. బీడులో గడ్డి రద్దు! ఏం పరిమళం, అంతేనా?"

పరిమళరావు వెనక పరదా వైపు చూశాడు. ముందు చెవుల వైపు చూశాడు. చెవులు ఇంకా నిక్కే ఉన్నాయి.

"అంతే సార్," అన్నాడు.

పరదా వెనక తమ్ముడు తల తిప్పాడు. "అన్నా, విన్నావా?"

"విన్నాను."

"ఈ క్షణం నుంచే అన్నాడు."

"ఆయన మాటకు ఈయన సరే అన్నాడు కూడా."

"మరి ఈ క్షణంలో మనం ఏం చేస్తున్నట్టు?"

"పనిలో లేకుండా సభవారి ఆస్తి మీద తల ఆనించినట్టు," అన్నాడు కొమ్మన్న. "తప్పు తమ్ముడూ. లే."

ఇద్దరూ చెరో పక్కకు మర్యాదగా తప్పుకున్నారు.

బండి ఒక్క క్షణం ఎటు పోవాలో తెలీనట్టు నిలబడింది. తరవాత వెనక్కి పోవాలని నిశ్చయించుకుంది. సుముఖయ్య "అభివృద్ధి" అన్న మాటలో సగం పైన అన్నాడు, మిగతా సగం కిందికి వస్తూ అన్నాడు. పట్టాల మొదట అడ్డంగా ఉన్న మొద్దుకు బండి ఢీకొట్టి ఆగింది. బండి ఆగింది గానీ అందులోవాళ్లు ఆగలేదు. గాల్లోకి లేచి, పక్కనే వరసగా ఉన్న పలకల మీద దబదబా పడ్డారు.

పలకలు నున్నటివి, వాలుగా ఉన్నవి. పడ్డవాళ్లు జారడం మొదలుపెట్టారు. జారేవాడు ఏం చేస్తాడు? గోళ్లతో పట్టుకుంటాడు. సుముఖయ్య తన ఎడమ చెంప పట్టుకుని, అది చిరిగిపోతే కుడి చెంప పట్టుకుని, అదీ చిరిగాక కింద దుమ్ములో కూర్చున్నాడు. ఒళ్లో తన నవ్వు ముక్కలుగా ఉంది. భూషణం కోరలతో తన అరిగిన మూతిని నిలువునా చీల్చుకుని, పక్కనే ఉన్న కీర్తిశేషుణ్ని కూడా లాక్కుని కిందపడ్డాడు. రెక్కలున్న శేఖరం మాత్రం పైకెగిరి ప్రాణం దక్కించుకున్నాడు. పరిమళరావు తేలికవాడు కనక ఒక పొదలో పడ్డాడు.

పలకలకు మాత్రం ఒక్క గీత పడలేదు. సరుకు మంచిది.

అప్పుడు మోటారు మళ్లీ మూలిగింది. మూలుగు కాస్తా పాటయింది. మీట నొక్కే ఉంది కదా. ఎవరూ తోయకుండా, లోపల ఎవరూ లేకుండా, తోరణాలు వేలాడుతూ, ఎండబండి తనంతట తాను కొండెక్కడం మొదలుపెట్టింది.

పల్లం గొల్లుమని నవ్వింది.

"ముఖాలు ఊడాయి, బండి నడిచింది!" అని దూదమ్మ కేకపెట్టి, ఆ వయసులో ఒక్క గెంతు గెంతి బండిలో పడింది. ఆమె వెనకే పిల్లలనేసుకుని కౌజులు, ఒకదాన్నొకటి తోసుకుంటూ తాబేళ్లు, ఇంకో పది కుందేళ్లు. "ముఖాలు ఊడాయి, బండి నడిచింది!" అని అందరూ అందుకున్నారు.

పొదలోంచి లేచిన పరిమళరావు ముందు బండిని చూసి మురిసిపోయాడు. తరవాత అలవాటు కొద్దీ అధ్యక్షుడి చెవులు చూశాడు. అవి తలకు అతుక్కుపోయి ఉన్నాయి. అసలున్నాయా లేవా అన్నట్టు.

పరిమళరావు బండి వెనక పరిగెత్తాడు.

"ఆగు! ఆగవే! నీకు దణ్ణం పెడతాను, ఆగు! ఇప్పుడు కాదు, ఇప్పుడు నడవకు!"

గుహ కోసం ఏ బండి నడవాలని కలలు కన్నాడో, ఆ బండి వెనక రొప్పుతూ, ఆగమని ఏడుస్తూ కొండెక్కాడు. బండికి తోలేవాడు లేడు కనక వినేవాడూ లేడు. బండిలోంచి దూదమ్మ చెయ్యి ఊపింది. "రా నాయనా, ఎక్కు! నీ బండేగా!"

అతను కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి కింద విచారణ మొదలైపోయింది. సుముఖయ్య దుమ్ములోనే కూర్చుని, చిరిగిన చెంపను మోకాలి మీద పరుచుకుని చూసుకుంటున్నాడు.

"సార్," అన్నాడు పరిమళరావు, ఊపిరందక. "నడిచింది సార్. తనంతట తాను ఎక్కింది. మీరు చెప్పినట్టే."

"నడిచింది. ఎప్పుడు నడిచింది?"

పరిమళరావు ఒంటికి అంటుకున్న పొద ఆకులు దులుపుకున్నాడు.

"నా ముఖం ఉన్నంతసేపూ నడవలేదు. నా ముఖం పోయాక నడిచింది. అది కూడా జనం అందరూ చూస్తుండగా. పరిమళం, నువ్వు తెచ్చింది బండి కాదు. ప్రతిపక్షం."

"మీ గోళ్లే సార్... అంటే, పొరపాటున..."

"నా ముఖం చిరిగింది. మా నాన్న ముఖం చిరిగింది. భూషణం ముఖం చిరిగింది. అటు చూడు."

పరిమళరావు అటు చూశాడు. పన్నెండు పలకల్లో పదకొండు నల్లగా నిగనిగలాడుతున్నాయి. శేఖరం ఎప్పుడు వాలాడో ఏమో, తన పింఛం బొమ్మను ముక్కుతో చప్పుడు కాకుండా పీకేసుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాడు. చివరి పలక మీద ఒకే ఒక్క ముఖం, ఒక్క ముడత కూడా పడకుండా, చిరునవ్వుతో వెలిగిపోతోంది. దాని కింద పేద్ద అక్షరాలు: ఎండబండి రూపశిల్పి.

"మా అందరి ముఖాలూ పోయి నీ ఒక్కడి ముఖం ఎలా మిగిలింది?" అన్నాడు సుముఖయ్య. అంత వెడల్పు నవ్వు పరిమళరావు ఏ ఫ్లెక్సీలోనూ చూడలేదు.

తీర్పుకు ఎక్కువసేపు పట్టలేదు. పరిమళరావు సాయంత్రంలోగా ముళ్లదిబ్బకు పోవాలి. ఉద్యోగం, గుహ మీద ఆశతో సహా, శేఖరానికి. అది కూడా ఇన్‌చార్జిగానే. లింగమూర్తి తోక మీద కట్టు కట్టించుకుని పట్నం మేడకు తిరిగిపోయాడు. కొత్త ఫ్లెక్సీలు వచ్చేదాకా అధ్యక్షుడికి అవమానం జరగకుండా పలకల తీగ పీకి పక్కన పెట్టారు. అప్పటికి బండి అవతల మడుగు ఒడ్డున ఉంది. అక్కడే ఉండిపోయింది. అందులో వెళ్లిన దూదమ్మ, మిగతావాళ్లు ఆ వేసవి మడుగు ఒడ్డునే కాపురం పెట్టారు. పని పోయిన దున్నలు కూడా అక్కడికే పోయి, ఎవరినీ మోయకుండా నీళ్లలో పడుకున్నాయి.

పల్లంలో మిగిలిన ప్రాణులు మాత్రం ఎర్రటి ఎండలో కొండెక్కి నడిచే వెళ్తున్నాయి. దారి తప్పే ప్రమాదం లేదు. పట్టాలు చాలా బాగా వేశారు.

నీతి: బండి నడవకపోతే ఏ అధికారికీ ఏమీ కాదు; అది నడిచిన రోజే ఎవరో ఒకరి ఉద్యోగం ఊడుతుంది.